ఖైదీల వార్డులో హింస ముప్పును అంచనా వేయడం: నేను పాటించే పద్ధతి

కోర్టు నుంచో జైలు నుంచో వచ్చే ఉత్తరంలో సాధారణంగా ఒక్క వాక్యమే ఉంటుంది: "సదరు వ్యక్తిని విడుదల చేసినచో ఇతరులకు ప్రమాదము కలదా లేదా తెలియజేయగలరు." ఆ ఉత్తరం చేతికొచ్చిన పీజీ విద్యార్థి మొహంలో టెన్షన్ కనబడిపోతుంది. రేపు ఈ మనిషి ఎవరినైనా కొడితే, చంపితే, అందరూ వెతికేది నా సంతకమే కదా అన్న భయం. ఆ భయంతో రాసే రిపోర్టు ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది: "హింసకు పాల్పడే అవకాశాన్ని తోసిపుచ్చలేము." ఆ మాట ఎవరి గురించి రాసినా నిజమే. అందుకే దానివల్ల జడ్జికి గానీ, రోగికి గానీ, అతని ఇంటివాళ్ళకు గానీ ఏమీ ఒరగదు.

నేను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సైకియాట్రిస్టుని. ఖైదీల వార్డు చాలాకాలం చూశాను. కొత్తగా వచ్చే డాక్టర్లకు, సైకాలజిస్టులకు, సోషల్ వర్కర్లకు, నర్సులకు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

అడిగిందేమిటో ముందు తేల్చుకోండి

మన దగ్గర మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ఫైల్లో కలిసిపోతాయి. నేరం జరిగినప్పుడు, తాను చేస్తున్నదేమిటో, అది తప్పని తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నది మొదటిది. పాత ఐపీసీ 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అడిగేది అదే. కోర్టులో జరుగుతున్నది అర్థం చేసుకుని తన వాదన తాను చెప్పుకోగలడా అన్నది రెండోది. బయటికి పంపితే మళ్ళీ హింసకు దిగుతాడా అన్నది మూడోది. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు. లాయరుతో చక్కగా మాట్లాడగలిగిన మనిషి నుంచి ముప్పు ఉండొచ్చు. తారీఖు కూడా చెప్పలేని మనిషి చీమకైనా హాని తలపెట్టనివాడు కావచ్చు.

మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేలినవాళ్ళ విషయంలో మూడో ప్రశ్నే ముఖ్యం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 374వ సెక్షన్ ప్రకారం వాళ్ళను సురక్షిత కస్టడీలో ఉంచొచ్చు, లేదా బంధువుకో స్నేహితుడికో అప్పగించొచ్చు. 377 కింద విడుదల చేయాలంటే, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రమాదం లేదన్న ధ్రువపత్రం కావాలి. ప్రభుత్వం అవసరమనుకుంటే ఒక న్యాయాధికారి, ఇద్దరు వైద్యాధికారులతో కమిషన్ వేయొచ్చు. 378 కింద బంధువుకు అప్పగించాలంటే, బాగా చూసుకుంటానని, ఎవరికీ హాని జరగకుండా కాపాడతానని ఆ బంధువు పూచీ ఇవ్వాలి. పాత ఫైళ్ళలో ఇవే సీఆర్‌పీసీ 335, 338, 339 అని కనబడతాయి.

ఈ పూచీ దగ్గర కాస్త ఆగండి. ఆ సంతకం పెట్టేది దాదాపు ఎప్పుడూ తల్లో, అన్నో, భార్యో. తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్న మనిషి చెయ్యెత్తితే దెబ్బ ఎక్కువగా తగిలేదీ ఇంట్లోవాళ్ళకే. అంటే ముప్పు ఎవరికి ఎక్కువో వాళ్ళ చేతనే "ముప్పు రానివ్వను" అని రాయించుకుంటున్నాం. మన దేశంలో ఏ అంచనా అయినా ఈ సంగతి మనసులో పెట్టుకునే మొదలుపెట్టాలి.

కాబట్టి "ఇతను ప్రమాదకారా?" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. ఎవరికి? ఎలాంటి హాని? ఏ పరిస్థితిలో? ఎంత త్వరలో? ఆపడానికి ఎవరు ఏం చేయాలి? మీ రిపోర్టు ఈ అయిదింటికి జవాబు చెబితే జడ్జి మిగతాది చూసుకుంటారు.

తప్పు రెండు వైపులా జరుగుతుంది

విడుదల చేశాక హింస జరిగితే పేపర్లో వస్తుంది. విడుదల చేయాల్సిన మనిషిని ఉంచేస్తే ఎక్కడా రాదు. అందుకే డాక్టర్లు ఉంచేయడం వైపే మొగ్గుతారు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు బాక్‌స్ట్రమ్ కేసులో ఇచ్చిన తీర్పు వల్ల, న్యూయార్క్ రాష్ట్రంలో నేరస్తులైన మానసిక రోగుల ఆసుపత్రుల్లో ఉంచిన 900 మందికి పైగా రోగులను మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చాల్సి వచ్చింది. అందరూ ప్రమాదకరమైనవాళ్ళే అని డాక్టర్లు అంతకుముందు నమ్మారు. పరిశోధకులు నాలుగేళ్ళపాటు గమనిస్తే, హింసకు దిగి మళ్ళీ ఆ గట్టి కాపలా ఆసుపత్రులకు రావాల్సినవాళ్ళు చాలా కొద్దిమందే తేలారు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి అమెరికన్ సైకాలజిస్టు జాన్ మొనాహన్ 1981లో చెప్పింది ఇది: ఫలానా మనిషి హింసకు దిగుతాడని సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు చెప్పిన ప్రతి మూడు సార్లలో ఒక్కసారికి మించి నిజం కాలేదు.

మన దేశంలో అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. విచారణ అన్నదే లేకుండా 54 ఏళ్ళు నిర్బంధంలో ఉండి, 2005లో డెబ్బై ఏళ్ళు దాటాక బయటికొచ్చాడు. "తోసిపుచ్చలేము" అని రాయబోయే ముందు నేను మా పీజీ విద్యార్థులకు ఆయన సంగతి చెబుతాను.

కాగితాలు తెప్పించుకోండి, తర్వాత మనిషిని చూడండి

చాలామంది తిరగేసి చేస్తారు. రోగితో అరగంట మాట్లాడి, బాగానే ఉన్నాడనుకుని, ఆ తర్వాత ఎఫ్‌ఐఆర్ చదువుతారు. ముందే చదివితే ఏం అడగాలో తెలుస్తుంది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, జైలు డాక్టరు నోట్సు, పాత ఆసుపత్రి చీటీలు, మన వార్డు నర్సులు రాత్రి డ్యూటీలో రాసిన నోట్సు. ఈ చివరిదాన్ని ఎవరూ చదవరు. పగలు రౌండ్స్‌లో "నమస్తే మేడం" అని చేతులు కట్టుకుని నిలబడే మనిషి, రాత్రి రెండింటికి ఎవరితో గొడవపడ్డాడో, గోడ వైపు తిరిగి ఎవరిని తిట్టాడో అందులో ఉంటుంది.

ఆ కాగితాల్లో వెతకాల్సింది సెక్షన్లు కావు. ఆయుధం చేతికందిన రోకలిబండా, లేక ముందు రోజు నూరి పెట్టుకున్న కొడవలా? దెబ్బ ఒకటేనా, కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడా? ముందు ఏమన్నాడు, తర్వాత ఎక్కడికెళ్ళాడు? నేరుగా పోలీస్ స్టేషన్‌కెళ్ళి కూర్చున్న మనిషి, చెరువులో చొక్కా ఉతుక్కున్న మనిషి, శవం పక్కనే నిద్రపోయిన మనిషి: ముగ్గురి లోపల జరిగింది ఒకటే కాదు.

తర్వాత ఇంటివాళ్ళు. రోగి లేకుండా, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. భార్యను అత్తగారి ముందు అడగొద్దు. "ఇంతకుముందు ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకున్నాడా అమ్మా?" అంటే ఏ తల్లి అయినా లేదనే అంటుంది. కొడుకు బయటికి రావాలన్న ఆశ ఒకవైపు, పరువు ఇంకోవైపు. నేను ఇలా అడుగుతాను: "అమ్మా, కత్తిపీట, గొడ్డలి దాచిపెట్టిన రోజులున్నాయా? రాత్రిళ్ళు గడియ పెట్టుకుని పడుకున్నారా? చిన్నపిల్లల్ని పక్కింట్లో పడుకోబెట్టారా?" ఇవి అడిగితే నిందలా అనిపించదు, తను పడ్డ కష్టం ఎవరో తెలుసుకుంటున్నట్టు ఉంటుంది. అప్పుడు చెబుతుంది. పోలీసు కాగితాల్లో "మొదటి నేరం" అని ఉన్న చోట, ఇంట్లో అంతకుముందే నాలుగైదు సార్లు జరిగి ఉంటుంది. గతంలో ఎన్నిసార్లు, ఎవరి మీద, ఎలా అన్నదానికి మించిన సూచన మన చేతిలో ఇంకొకటి లేదు.

తాగుడు గురించి "అలవాటుందా?" అని అడిగి వదిలేయొద్దు. బ్రాందీనా, గుడుంబానా, కల్లా, గంజాయా? తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, వణుకు, మతిభ్రమణం, ఆ అయోమయంలో దాడులు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దుకాణాలు మూతపడ్డ వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు వరుస కట్టారు. అంటే తాగిన రోజు మాత్రమే ముప్పు అనుకోకూడదు, కల్లు దొరకని రోజు కూడా చూసుకోవాలి. సీనా ఫజెల్ అనే పరిశోధకుడి బృందం 2009లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. మిగతా జనంతో పోలిస్తే, మత్తు అలవాటు లేని స్కిజోఫ్రీనియా రోగుల్లో హింస అవకాశం దాదాపు 2 రెట్లు, మత్తు కూడా తోడైతే దాదాపు 9 రెట్లు. జబ్బు పేరు చూసి భయపడేవాళ్ళు ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని చూడాలి.

మనిషితో మాట్లాడటం

గది ముఖ్యం. ఎస్కార్ట్ కానిస్టేబుల్ కనబడే దూరంలో ఉండాలి, వినబడే దూరంలో ఉండకూడదు. మీరు తలుపుకు దగ్గరగా కూర్చోండి, రోగికి కూడా దారి మూసుకుపోయినట్టు అనిపించకూడదు. ఈ మాటలు రిపోర్టులో కోర్టుకు వెళ్తాయని మొదటే చెప్పండి. చెప్పకుండా రాబట్టడం ద్రోహం.

ఇక్కడ ఒకరి సంగతి చెబుతాను. ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి, గుర్తుపట్టకుండా మార్చాను. పత్తి వేసుకునే రైతు, నలభై దగ్గర వయసు, స్కిజోఫ్రీనియా. చిన్నాయన తనమీద బాణామతి చేయిస్తున్నాడని నమ్మాడు. నాట్ల పనుల్లో పడి మందులు మానేశాడు, కల్లు పెరిగింది, ఒక సాయంత్రం గొడ్డలి తీసుకున్నాడు. చిన్నాయన చనిపోయాడు. కోర్టు మతిస్థిమితం లేదని నిర్దోషిగా తేల్చి కస్టడీలో ఉంచమంది. ఏళ్ళు గడిచాయి. కేసు షీట్లో నెలల తరబడి "భ్రమలు లేవు, భ్రాంతులు లేవు, నిద్ర బాగుంది" అని ఉంది. భ్రమ అంటే నిజం కానిదాన్ని గట్టిగా నమ్మడం, భ్రాంతి అంటే లేని గొంతులు వినబడటం లాంటిది.

"చిన్నాయన మీద ఇప్పుడు కోపముందా?" అని అడిగాను.

"మా చిన్నాయన పొయ్యిండు మేడం. ఇగ నాకేం పంచాయితీ?"

అక్కడితో ఆగితే "లక్షణాలు లేవు" అని రాయొచ్చు. "ఆయన కొడుకు ఇప్పుడు మీ పక్కింట్లోనే ఉంటున్నాడట కదా, అతనెలాంటోడు?" అన్నాను. కాసేపు నేలచూపులు చూశాడు.

"తండ్రి విద్దె కొడుక్కు రాకుంట ఉంటదా మేడం?"

భ్రమ ఎక్కడికీ పోలేదు. ఒకరి నుంచి ఇంకొకరికి మారింది. అందుకే భ్రమ ఉందా లేదా అన్న ప్రశ్న సరిపోదు. అందులో ఒక పేరున్న శత్రువు ఉన్నాడా, అతను ఎక్కడుంటాడు, ఆ ఆలోచన వస్తే భయమేస్తుందా, కోపమొస్తుందా, ఇప్పటివరకు దానికోసం ఏం చేశాడు? దారి మార్చి నడిచాడా, తాయెత్తు కట్టించుకున్నాడా, దిండు కింద కత్తి పెట్టుకున్నాడా? కోపం తెప్పించే భ్రమకు హింసతో సంబంధం ఎక్కువ. "చంపెయ్" అని చెప్పే గొంతు వినబడితే, ఆ గొంతు ఎవరిది, ఇదివరకు దాని మాట ఎప్పుడైనా విన్నాడా అని అడగండి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చేతబడి, బాణామతి అన్న నమ్మకం రోగిది మాత్రమే కాకపోవచ్చు. తల్లి కూడా నమ్ముతుంది, ఊళ్ళో సగంమంది నమ్ముతారు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు జబ్బు లేనివాళ్ళు చేసినవే ఎక్కువ. మందులతో రోగి తల తేటపడి ఇంటికెళ్ళాక, ఇంట్లోవాళ్ళే "వాడు చేసిందే బిడ్డా" అంటే మందు ఎంతవరకు పనిచేస్తుంది? అందుకే చిన్నాయన గురించి తల్లిని కూడా అడిగాను. ఆవిడ కూడా నమ్ముతోంది. రిపోర్టులో అది రాయాల్సిన విషయమే.

హెచ్‌సీఆర్-20ను వాడే తీరు

పై సమాచారమంతా ఒక క్రమంలో పెట్టుకోవడానికి నేను హెచ్‌సీఆర్-20 వాడతాను. 1995లో కెనడాలో మొదలైంది, ఇప్పుడున్నది 2013లో వచ్చిన మూడో రూపం. ఇరవై అంశాలు. పది గతానికి సంబంధించినవి: హింస, ఇతర సంఘ వ్యతిరేక ప్రవర్తన, సంబంధాలు, ఉద్యోగం, మత్తు, తీవ్ర మానసిక జబ్బు, వ్యక్తిత్వ లోపం, చిన్ననాటి నుంచి పడ్డ గాయాలు, హింసను సమర్థించే ధోరణి, చికిత్సకు లోబడిన తీరు. అయిదు ఇప్పటి స్థితివి: తన జబ్బు, తన హింస గురించి తనకున్న ఎరుక, హింస ఆలోచనలు, లక్షణాలు, నిలకడ, ఇప్పుడు చికిత్సకు స్పందన. మిగతా అయిదు రేపటివి: వైద్య సేవల ప్రణాళిక, ఉండబోయే చోటు, అండగా నిలిచే మనుషులు, చికిత్స కొనసాగించే అవకాశం, ఒత్తిడిని తట్టుకునే తీరు.

కొత్తవాళ్ళు ఇరవైకి ఇరవై నింపి, మొత్తం కూడి, "స్కోరు ఎక్కువ" అని రాస్తారు. దాన్ని తయారుచేసినవాళ్ళు అలా కూడొద్దన్నారు. ప్రతి అంశానికీ రెండు ప్రశ్నలు వేయాలి. అది ఈ మనిషిలో ఉందా? ఉంటే, ఇతని హింసకు దానితో సంబంధముందా? మా రైతుకు ఉద్యోగం అన్న అంశంలో గుర్తు పెట్టాల్సిందేమీ లేదు, ఏటా పంట తీసినవాడే. మత్తు ఉంది, సంబంధం చాలా ఉంది. పదో తరగతి తప్పడం ఉంది, దానికీ గొడ్డలికీ ఏ సంబంధమూ లేదు. మన ఊళ్ళకు తగ్గట్టు ఆలోచించాలి కూడా. ఉమ్మడి కుటుంబంలో పెళ్ళి కాకుండా ఉండిపోయిన మనిషికి "సంబంధాలు సరిగా లేవు" అని గుడ్డిగా గుర్తు పెట్టేయకూడదు. చెల్లెలి పిల్లల్ని ఎత్తుకుని తిప్పిన మనిషి అతను.

లెక్కగట్టే సాధనాలు వేరే ఉన్నాయి. 1993లో కెనడాలోని ఒంటారియోలో వచ్చిన వీఆర్‌ఏజీలో 12 అంశాలకు మార్కులు వేసి కూడతారు. పెనెటాంగ్విషీన్ అనే చోట ఒక ఆసుపత్రి రోగుల మీద కట్టిన లెక్క అది. ఆ శాతాలను మన వార్డులోని మనిషికి తగిలించి కోర్టుకు రాయడం నాకు సమ్మతం కాదు. 2012లో 73 బృందాలకు చెందిన 24,827 మంది సమాచారాన్ని కలిపి ఇలాంటి సాధనాలను పరీక్షించారు. హింసకు ముప్పు ఉందని సాధనం చెప్పిన ప్రతి 100 మందిలో 41 మందే హింసకు దిగారు. ముప్పు తక్కువని చెప్పిన 100 మందిలో 91 మంది దిగలేదు. అంటే "తక్కువ" అన్న మాటను కొంతవరకు నమ్మొచ్చు. "ఎక్కువ" అన్న మాట మీదే ఆధారపడి మనిషిని ఏళ్ళతరబడి ఉంచడానికి వీల్లేదు. ఆ ముద్రతో ఆగిన వందలో 59 మంది ఎవరికీ ఏమీ చేయనివాళ్ళు.

కాపాడే విషయాలకు కూడా అంతే చోటివ్వండి. నెదర్లాండ్స్‌లో తయారైన సాప్రాఫ్ అనే జాబితాలో అలాంటివి 17 ఉన్నాయి. మా రైతు విషయంలో రెండు బలంగా కనబడ్డాయి: అక్క మాట కాదనడు, చేతిలో పని ఉంటే తాగడు.

ఇక కథ అల్లండి

ఇరవై అంశాలూ అయ్యాక వాటిని పక్కన పెట్టి, ఒక పేరాలో రాయండి: ఇతను ఎందుకు, ఎప్పుడు, ఎవరి మీద చెయ్యెత్తాడు. "మందులు ఆగిన ఆరేడు వారాలకు అనుమానం మొదలవుతుంది. నిద్ర తగ్గుతుంది. నిద్రకోసం కల్లు పెంచుతాడు. గెట్టు (పొలం హద్దు) తగాదాలో జరిగే ప్రతి మాటనూ బాణామతికి ముడిపెడతాడు. తనకు హాని జరగబోతోందన్న నమ్మకంతో ముందే దెబ్బ తీస్తాడు." ఇది రాయగలిగితే సగం పని అయినట్టే. ఎందుకంటే ప్రతి వాక్యం దగ్గరా అడ్డుపడటానికి ఒక చోటు దొరుకుతుంది.

ఆ తర్వాత మూడు నాలుగు ఊహలు రాయండి. అదే రకం హింస మళ్ళీ: సొంత ఊరికి వెళ్ళి, చిన్నాయన కొడుకుతో ఒకే వాకిట్లో ఉంటే. ఇంకో రకం: మందులు వేసుకోమని పట్టుబట్టే తల్లి మీద తోపులాట, చెంపదెబ్బ. మరో దారి: చేసిన పని తెలిసొచ్చి దిగులుతో తనకు తాను హాని చేసుకోవడం. భ్రమ తగ్గినకొద్దీ ఈ చివరిది పెరుగుతుంది. హింస గురించి అడిగే హడావిడిలో దీన్ని మరిచిపోతారు. నాలుగోది, ఏ హింసా లేకుండా సాగిపోయే ఊహ. అది సాగాలంటే ఏమేమి ఉండాలో అందులో రాయండి.

ఆడవాళ్ళ వార్డులో ఈ పని వేరుగా ఉంటుంది. కాన్పు తర్వాత వచ్చిన సైకోసిస్‌లో (మతి తప్పే తీవ్రమైన జబ్బులో) తన చేతులతోనే బిడ్డ ప్రాణం తీసిన తల్లి విషయంలో, జబ్బు తగ్గాక మామూలు రోజుల్లో ఆమె నుంచి ఎవరికీ ముప్పు ఉండకపోవచ్చు. మళ్ళీ గర్భం వస్తే, కాన్పు తర్వాతి వారాల్లో ఆ జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. ఆమె రిపోర్టులో "ముప్పు ఎక్కువ", "తక్కువ" అన్న మాటలకు అర్థం లేదు. కుటుంబ నియంత్రణ గురించి ఆమెతో మాట్లాడారా, గర్భం వస్తే ఎవరికి చెప్పాలి, కాన్పుకు ముందే సైకియాట్రిస్టును ఎక్కడ కలవాలి అన్నదే రాయాలి.

వార్డులో రేపటి ముప్పు వేరే లెక్క

విడుదల ముప్పు నెలల లెక్క. ఈ రాత్రి పక్క మంచం మనిషిని కొడతాడా అన్నది గంటల లెక్క. దీనికి హెచ్‌సీఆర్-20 పనికిరాదు. నార్వేలో తయారైన బ్రోసెట్ చెక్‌లిస్ట్ ఉంది, నర్సు ఒక్క నిమిషంలో నింపగలదు. అయోమయం, చిరాకు, గోలగోలగా ఉండటం, మాటలతో బెదిరింపు, చేతలతో బెదిరింపు, వస్తువుల మీద దాడి. ఒక్కోదానికి ఒక మార్కు. మూడు రాగానే కదలాలి: చుట్టూ జనాన్ని తగ్గించడం, తనకు నచ్చిన నర్సుతో మాట్లాడించడం, డాక్టరుకు ఫోన్, అవసరమైతే మందు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 97వ సెక్షన్ ప్రకారం ఒంటరి గదిలో బంధించడం నిషిద్ధం. రోగిని కట్టేయడం కూడా, తక్షణ హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే.

రిపోర్టు రాయడం

జడ్జి చదివేది మొదటి పేజీ, చివరి పేరా. ఆ రెండూ ఇంటర్ చదివిన మనిషికి అర్థమయ్యేలా ఉండాలి. "ఇన్‌సైట్ పార్షియల్" అని రాయకుండా, "జబ్బు ఉందని ఒప్పుకుంటాడు, చిన్నాయన బాణామతి చేశాడని ఇంకా నమ్ముతాడు" అని రాయండి. ముప్పు ఎక్కువా తక్కువా అన్నది చెప్పాల్సిందే, దాటవేయొద్దు. కానీ ఎప్పుడూ షరతుతో కలిపి చెప్పండి. మా రైతు విషయంలో సారాంశం ఇలా ఉంది: సొంత ఊరికి పంపితే, చిన్నాయన కొడుకుకు ముప్పు ఎక్కువ, ప్రాణాంతకమయ్యేంత. అక్క ఊరికి, నెలనెలా ఇంజెక్షన్‌తో పంపితే ముప్పు తక్కువ.

ఆ "ఇంజెక్షన్‌తో" అన్న ఒక్క మాట వెనుక ఎంతో పని ఉంటుంది. ఏ పీహెచ్‌సీలో వేస్తారు? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఆ మండలానికి ఏ వారం వస్తారు? మందు స్టాకు ఉందా? ఇంజెక్షన్ తేదీ దాటితే ఎవరు, ఎవరికి ఫోన్ చేస్తారు? ఆశా వర్కర్‌కు ఏం తెలియాలి, ఏం తెలియక్కర్లేదు? వీటిలో ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు రాసుకోండి. "క్రమం తప్పకుండా ఫాలో అప్ చేయాలి" అని రాయడం సలహా అనిపించుకోదు. మామూలు మందులకు లొంగని జబ్బు, మళ్ళీ మళ్ళీ దాడులు ఉంటే క్లోజపిన్ అనే మందు గురించి ఆలోచించారా అన్నది కూడా రిపోర్టులో ఉండాలి. దాడులను తగ్గించడంలో దానికి మంచి ఆధారాలున్నాయి, కాకపోతే రక్తపరీక్షలు చేయించే చోటు ఆ ఊరికి ఎంత దూరమో ముందే చూసుకోవాలి.

గెట్టు తగాదాను వదిలేయొద్దు. భ్రమకు మందు ఉంది, పొలం హద్దుకు లేదు. మా సోషల్ వర్కర్ అక్కతో, ఊరి పెద్దలతో మాట్లాడి ఆ పొలం చెక్కను కౌలుకిచ్చేలా చూసింది, దాంతో ఏటా దుక్కి రోజుల్లో అక్కడికి వెళ్ళాల్సిన పని తప్పింది. మాకు వచ్చిన భరోసాలో సగం దానివల్లే.

చిన్నాయన కొడుక్కి చెప్పాలా? రోగి వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. ఇతరులను హాని నుంచి, హింస నుంచి కాపాడటానికి అవసరమైనంత మేరకే చెప్పొచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. మేం జబ్బు వివరాలేవీ చెప్పలేదు. విడుదల గురించి, అక్క ఊరికి వెళ్ళొద్దని, మీ ఊళ్ళో కనబడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పాం. ఇలా చెప్పబోతున్నామని రోగికి ముందే చెప్పాం, ఫైల్లో రాశాం.

పూచీ ఇచ్చే అక్కతో సంతకానికి ముందు గంటసేపైనా కూర్చోండి. ఏ గుర్తులు ముందు కనబడతాయో అతని పాత చరిత్రలోంచే చెప్పండి: రెండు రాత్రులు నిద్రపోకపోవడం, వేరేవాళ్ళు వండిన అన్నం తిననని అనడం, చిన్నాయన పేరు మళ్ళీ ఎత్తడం. అలాంటప్పుడు వాదించొద్దని, ఒంటరిగా గదిలోకి వెళ్ళొద్దని, పిల్లల్ని పక్కింటికి పంపి ఫోన్ చేయమని చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసివ్వండి, అది రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆవిడ "నావల్ల కాదు మేడం" అంటే, ఆ మాటను గౌరవించండి. ఇష్టం లేని పూచీని నచ్చజెప్పి తీసుకున్న చోట ప్రణాళిక నిలబడదు.

చివరగా, రిపోర్టులో ఒక గడువు రాయండి. "ఈ అంచనా ఆరు నెలలకు వర్తిస్తుంది" అని. ఆ లోపు అయినా మళ్ళీ చేయాల్సిన సందర్భాలు కింద రాయండి: రెండు ఇంజెక్షన్లు వరుసగా తప్పినా, మళ్ళీ తాగినా, అక్క ఇల్లు మారినా, ఆవిడకు జబ్బు చేసినా, సొంత ఊళ్ళో చావో పెళ్ళో వచ్చి అతను వెళ్ళాల్సి వచ్చినా. ఒక కాపీ కోర్టుకు, ఒకటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు, ఒకటి ఆసుపత్రి ఫైలుకు. ముందు జాగ్రత్తల పేజీ మాత్రం విడిగా, తెలుగులో, పెద్ద అక్షరాలతో అక్క చేతికి.